గ్రాంటు అడిగే ముందే యూసీ (ఖర్చు లెక్క చెప్పే సర్టిఫికెట్) రాసుకోండి: బెజవాడ, గుంటూరు సేవా సంస్థల కోసం

"మా సొసైటీ పదేళ్ళ నుంచి పనిచేస్తోంది. మున్సిపల్ కార్పొరేషన్ నుంచి గ్రాంటు రావాలంటే ఎవర్ని కలవాలండీ?" నెలకి ఇద్దరైనా ఇదే అడుగుతున్నారు. ఎవర్ని కలవాలన్నది ఆరో మెట్టు. చాలా ఫైళ్ళు రెండో మెట్టు దగ్గరే కూలబడుతున్నాయి కాబట్టి మొదటి నుంచి వరసగా రాస్తున్నాను. చిన్న సంస్థల లెక్కలు, కాగితాలు సర్దిపెట్టే పనిలో తెలిసిన సంగతులివి.

1. మీకు కావాల్సింది ఏ రకం సాయం?

ప్రభుత్వ సాయం సేవా సంస్థకి మూడు దారుల్లో వస్తుంది. దారిని బట్టి కాగితాలు మారతాయి, వెళ్ళాల్సిన ఆఫీసూ మారుతుంది.

మొదటిది గ్రాంట్-ఇన్-ఎయిడ్. అంటే ఒక పథకం కింద, ఒక పనికి, షరతులతో ఇచ్చే డబ్బు. వృద్ధుల కేంద్రాలు, దివ్యాంగుల పునరావాసం, డీ-అడిక్షన్ సెంటర్లు లాంటివి చాలావరకు కేంద్ర పథకాల కిందకి వస్తాయి. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ ఈ-అనుదాన్ పోర్టల్‌లో పెట్టాలి. అలాగని ఢిల్లీ చూసుకుంటుందిలే అనుకోకండి. మీ గడప తొక్కి తనిఖీ చేసేది ఇక్కడి అధికారులే.

రెండోది ఒప్పందం. పని కార్పొరేషన్‌ది, చేసేది మీరు. నైట్ షెల్టర్ నడపడం, వీధికుక్కలకి కు.ని. ఆపరేషన్లు ఈ కోవలోవి. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకి పెట్టే భోజనం సరఫరా చేసేది ఒక ఛారిటబుల్ ఫౌండేషనే, కానీ అది విరాళంగా కాదు, ఒప్పందం మీద. ఇలాంటి పనులకి నోటిఫికేషన్ గానీ టెండర్ గానీ పడుతుంది. టెండరైతే డిజిటల్ సంతకం, ఈఎండీ (బయానా డిపాజిట్టు) సిద్ధంగా ఉండాలి. బిల్లులో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. జీఎస్టీ సంగతి ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోండి. మున్సిపల్ బాధ్యతల్లోకి వచ్చే పనిలో మీరిచ్చేది సేవ మాత్రమే అయితే మినహాయింపు ఉంది, సరుకు కూడా కలిస్తే లెక్క వేరు.

మూడోది వస్తు రూపంలో సాయం. వాడకుండా పడున్న కమ్యూనిటీ హాలు, నీళ్ళ కనెక్షను, చెత్త బండి, మెడికల్ క్యాంపుకి ఒక డాక్టరు. నన్నడిగితే కొత్త సంస్థలు మొదట అడగాల్సింది ఇదే. నగదు ఇవ్వాలంటే బడ్జెట్‌లో పద్దు ఉండాలి. ఖాళీ హాలుని సాయంత్రం మూడు గంటలు వాడుకోనివ్వడానికి అంత తతంగం ఉండదు. ఏడాదిపాటు ఆ హాలుని శుభ్రంగా వాడి చూపించిన సంస్థ తర్వాత నగదు అడిగితే వినే తీరే వేరుగా ఉంటుంది.

ఒక హెచ్చరిక. కొన్ని పనులకి గ్రాంటు కంటే ముందు అనుమతి ఉండాలి. అనాథ పిల్లలకి బస ఇస్తుంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కుక్కల ఆపరేషన్లకి 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు కావాలి. అవి లేకుండా గ్రాంటు అడగడమంటే మన మీద మనమే పిటిషన్ పెట్టుకున్నట్టు.

2. పేరు ఒక్కటే ఉందా చూడండి

ఈ మెట్టు మీద ఒక వారం పెట్టండి, వృథా పోదు.

మాకు తెలిసిన ఒక సేవా సమితికి శాంక్షన్ వచ్చింది, డబ్బు మాత్రం ఖాతాలో పడలేదు. నెలన్నర తిరిగాక తేలిందేమిటంటే, పాన్ కార్డులో "సమితి" ఇంగ్లిష్ స్పెల్లింగ్ చివర టీఐ, బ్యాంకు పాస్‌బుక్‌లో టీహెచ్ఐ. ఒక్క హెచ్ అక్షరం! బ్యాంకువాళ్ళు తీర్మానం అడిగారు. తీర్మానానికి మీటింగ్ పెట్టాలి, మీటింగ్‌కి కోరం కావాలి, ప్రెసిడెంటు గారేమో కూతురి పురిటికని హైదరాబాద్ వెళ్ళారు. ఈలోగా మార్చి 31 దాటింది. డబ్బు వెనక్కి పోయింది.

అందుకని ఒక తెల్లకాగితం తీసుకుని రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, బ్యాంకు, దర్పణ్ (నీతి ఆయోగ్ దగ్గర ఎన్జీవో నమోదు), 12ఏ (సంస్థకి ఆదాయపు పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను రాయితీ) కాగితాల్లో ఉన్న పేరునీ అడ్రసునీ ఒకదాని కింద ఒకటి అక్షరం అక్షరం రాయండి. చుక్క, కామా, "ది" తో సహా. తేడా కనిపిస్తే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్నదే అసలు అనుకుని మిగతావాటిని దానికి సరిచేయించండి.

అడ్రసు విషయంలో మనవైపు ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. విజయవాడ సంస్థల పాత కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉంటుంది, ఇప్పుడున్నది ఎన్టీఆర్ జిల్లా. నరసరావుపేట, తెనాలి, బాపట్ల అన్నిట్లో పనిచేసే గుంటూరు సంస్థకైతే పని మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంటుంది. పాత సర్టిఫికెట్ చెల్లకుండా పోదు. అయితే అధికారికి అనుమానం రాకుండా "జిల్లాల పునర్విభజన వల్ల ప్రస్తుత జిల్లా ఇది" అని లెటర్‌హెడ్ మీద ఒక వివరణ రాసి ఫైలులో పెట్టండి. పోర్టల్‌లో జిల్లా ఎంచుకునే చోట మాత్రం ఇప్పటి జిల్లానే ఎంచుకోండి.

ఫైలులో ఉండాల్సినవి:

- 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాస్ సర్టిఫైడ్ కాపీ (ట్రస్టయితే ట్రస్ట్ డీడ్)
- జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఏటా దాఖలు చేసిన కమిటీ జాబితాలు
- పాన్, సంస్థ పేరున బ్యాంకు ఖాతా, క్యాన్సిల్డ్ చెక్కు
- నీతి ఆయోగ్ ఎన్జీవో దర్పణ్ నంబరు
- 12ఏ, 80జీ ఆర్డర్లు
- మూడేళ్ళ ఆడిట్ రిపోర్టులు, మూడేళ్ళ వార్షిక నివేదికలు
- కమిటీ సభ్యుల పాన్, ఆధార్ కాపీలు
- ఈ గ్రాంటుకి దరఖాస్తు చేయాలని, ఫలానావారు సంతకం చేయాలని చేసిన తీర్మానం
- ఆఫీసు అద్దెదైతే ఒప్పందం, కరెంటు బిల్లు

కమిటీ జాబితాలు చాలామంది వదిలేస్తారు. 2019లో దిగిపోయిన సెక్రటరీ పేరే ఇంకా రికార్డులో ఉంటే ఇప్పటి సెక్రటరీ సంతకానికి విలువ లేదు. బకాయి పడ్డ ఏళ్ళన్నీ ఫీజు కట్టి దాఖలు చేశాకే ముందుకు కదలండి.

12ఏ, 80జీ ఆర్డర్లలో గడువు చూసేటప్పుడు జాగ్రత్త. 2021లో మళ్ళీ రిజిస్టర్ చేయించుకున్నవాళ్ళ ఆర్డరులో "2026-27 అసెస్‌మెంట్ ఇయర్ వరకు" అని ఉంటుంది. అది చదివి 2027 దాకా ఢోకా లేదనుకునేవాళ్ళు ఎందరో. నిజానికి ఆ గడువు 2026 మార్చి 31. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, దాంట్లో సెక్షన్ల నంబర్లు కూడా వేరు. జనం నోట పాత పేర్లే నలుగుతాయి కాబట్టి ఇక్కడా వాటినే రాశాను.

మినిట్స్ పుస్తకం గురించి ఒక మాట. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి సింగ్ నగర్ వైపు ఇళ్ళలో, ఆఫీసుల్లో ఉన్న కాగితాలు ముద్దయిపోయాయి. తడిసిన పుస్తకం పారేసి, కొత్త పుస్తకంలో పాత తేదీలు వేసి సంతకాలు పెట్టించేద్దామని నాతో అన్నవాళ్ళున్నారు. వద్దు. సిరా రంగు, కాగితం చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పుస్తకం పోయిందని సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన కాగితాలకి సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకుని, ఫోనులో ఉన్న ఫొటోలు ప్రింట్ తీసి, కొత్త పుస్తకం ఇవాళ్టి తేదీతో మొదలుపెట్టండి.

3. వెనక నుంచి మొదలుపెట్టండి: యూసీ

యూసీ అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని మీరు సంతకం చేసి ఇచ్చే కాగితం. అందరూ దీన్ని ఆఖర్న, ఆడిటర్ తొందర పెడితే రాస్తారు. నేనైతే దరఖాస్తు కంటే ముందు రాయమంటాను. ఇది అలంకారంగా అంటున్న మాట కాదు, నిజంగానే కూర్చుని రాయండి.

కేంద్ర గ్రాంట్లకి 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 12-ఏ ఫారం (ఆదాయపు పన్ను 12ఏ కాదు) వాడతారు. కార్పొరేషన్‌గానీ రాష్ట్ర శాఖగానీ తమ నమూనా ఇచ్చినా అడిగేవి దాదాపు ఇవే: శాంక్షన్ నంబరు, తేదీ, పాత నిల్వ, వచ్చిన మొత్తం, దాని మీద వడ్డీ, పద్దుల వారీ ఖర్చు, మిగులు, వెనక్కి కట్టిందెంత.

ఆ ఫారం ప్రింట్ తీసుకుని పెన్సిల్‌తో నింపండి. ప్రతి పద్దు పక్కన ఇంకో గడి గీసి "దీనికి నా దగ్గర ఏ కాగితం ఉంటుంది?" అని రాసుకోండి. వంటకి కూరగాయలు రైతుబజారులో కొంటారా? బిల్లు రాదు. మరి ఓచరు ఎవరు రాస్తారు, సంతకం ఎవరు పెడతారు? జీతం చేతికిస్తారా, ఖాతాలో వేస్తారా? ఆటో ఖర్చుకి రుజువేమిటి? జవాబు దొరకని పద్దు ఉంటే దరఖాస్తులోంచి తీసేయండి, లేదా చేసే పద్ధతి మార్చండి.

గ్రాంటు ఇప్పిస్తానని పర్సెంటేజీ అడిగే పెద్దమనుషులు తగిలితే కూడా ఇదే ఫారం తీసి చూడండి. ఆ పది శాతం ఏ పద్దు కింద రాస్తారు?

4. ఖర్చుల పద్దు

నైట్ షెల్టర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. రైల్వే స్టేషన్, బస్టాండ్ చుట్టుపక్కల పేవ్‌మెంట్ మీద పడుకునేవాళ్ళ కోసం 50 మందికి బస అనుకోండి. పట్టణ నిరాశ్రయుల షెల్టర్లకి జాతీయ పథకంలో పెట్టిన కొలత మనిషికి కనీసం 50 చదరపు అడుగులు. అంటే 2,500 చదరపు అడుగులు. "మా దగ్గర మంచి హాలుంది" అని రాయడం కాదు, టేపు పట్టి కొలిచి రాయండి.

ఇక మనుషులు. కేర్‌టేకర్లు మూడు షిఫ్టులకి ముగ్గురు అని రాస్తారు. నాకొచ్చిన ప్రతి పద్దులోనూ ఇదే తప్పు. రోజుకి మూడు షిఫ్టులు, వారానికి ఏడు రోజులు, మొత్తం 21 షిఫ్టులు. వారానికి ఒక సెలవుతో ఒక మనిషి చేసేది ఆరు. 21ని 6తో భాగిస్తే మూడున్నర. ఉదాహరణకి నెలకి 14,000 జీతం అనుకుంటే ముగ్గురికి ఏడాదికి 5,04,000, మూడున్నర మందికి 5,88,000. ఆ 84,000 తేడా సెక్రటరీ జేబులోంచి పోతుంది. లేదంటే కేర్‌టేకర్ ఆదివారం ఇంటికెళ్ళడం మానేస్తాడు, మూడో నెలలో పని మానేస్తాడు.

మర్చిపోయే ఇతర పద్దులు: దుప్పట్లు ఉతికించడం, దోమల మందు, సెప్టిక్ ట్యాంకు, మోటారు రిపేరు, ఆడిట్ ఫీజు, మే నెల కరెంటు బిల్లు. జనవరి బిల్లు చూసి పన్నెండుతో హెచ్చవేస్తే బెజవాడ ఎండలు మీ పద్దుని తినేస్తాయి.

"ఇతరములు" అని ఒక పెద్ద అంకె పెట్టకండి. కత్తెర ముందు పడేది దానికే.

సంస్థ వాటా ఎంతో కూడా చూపించండి. పథకంలో వాటా అడిగితే అది నగదా, వస్తు రూపం కూడా సరిపోతుందా అన్నది మార్గదర్శకాల్లో చదివి రాయండి. వాలంటీర్ల శ్రమకి మీరే ఒక విలువ కట్టి వాటాగా చూపించడం అన్నిచోట్లా ఒప్పుకోరు.

5. దరఖాస్తు రాయడం

రెండు పేజీలు చాలు. మిగతావన్నీ జతపరచిన కాగితాలు. వాటికి పేజీ నంబర్లు వేసి పైన సూచిక పెట్టండి.

"విషయం" లైను ముఖ్యం, ఎందుకంటే క్లర్కు ఫైలు మీద రాసుకునేది అదే. "విషయం: మా సంస్థకు ఆర్థిక సహాయం చేయుట గురించి" అని రాస్తే అది ఏ సెక్షన్‌కి వెళ్ళాలో ఎవరికీ తెలియదు. ఇలా రాయండి:

"విషయం: ఫలానా డివిజన్‌లోని మున్సిపల్ కమ్యూనిటీ హాలులో ఒంటరి వృద్ధుల పగటి సంరక్షణ కేంద్రం నిర్వహణ – ఏడాదికి ఇంత మొత్తం గ్రాంటు మంజూరు కోరుట – గురించి."

చోటు, పని, మొత్తం, మూడూ ఒక్క వాక్యంలో వచ్చాయి.

తర్వాత ఆ పని కార్పొరేషన్ బాధ్యతల్లో ఎక్కడ పడుతుందో చెప్పండి. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకి 18 అంశాలున్నాయి. 9వది దివ్యాంగులతో సహా బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ, 10వది మురికివాడల అభివృద్ధి, 11వది పట్టణ పేదరిక నిర్మూలన, 15వ దాంట్లో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ. మీ పని వీటిలో దేనికి చెందుతుందో ఒక్క వాక్యం రాస్తే ఫైలు మీద నోట్ పెట్టే ఉద్యోగికి పని సగమవుతుంది. ఆయన కోసమే మనం రాస్తున్నది.

"సమాజంలో అట్టడుగు వర్గాల అభ్యున్నతికై అహర్నిశలు" లాంటి వాక్యాలు కొట్టేయండి. వాటి బదులు ఎంతమంది, ఏ వీధులు, వాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారు, మీరొచ్చాక ఏం మారుతుంది అన్నవి రాయండి. వార్డు సచివాలయం సిబ్బందితో కలిసి ఒక సాయంత్రం తిరిగి పేర్ల జాబితా చేస్తే అంతకంటే బలమైన కాగితం లేదు.

6. ఎవరికి, ఎప్పుడు

దరఖాస్తు కమిషనర్ పేరున రాయండి. విజయవాడలో పేదల బస్తీలకి సంబంధించిన పనులైతే యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగం, ఆరోగ్యం, కుక్కల పనులైతే ప్రజారోగ్య విభాగం చూస్తాయి. గుంటూరులోనూ సంబంధిత విభాగాన్ని ముందు కలిసి, డ్రాఫ్ట్ చూపించి, తర్వాత ఇవ్వండి. దివ్యాంగులు, వృద్ధుల పథకాలకి జిల్లాలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్), పిల్లల విషయాలకి జిల్లా బాలల సంరక్షణ విభాగం.

కాగితం చేతికిచ్చి రావద్దు. తపాల్ సెక్షన్‌లో (వచ్చే కాగితాలు తీసుకునే చోట) ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. తర్వాత అడిగేది "మా ఫైలు ఏమైందండీ?" అని కాదు, "ఫలానా నంబరు ఏ సీటు దగ్గరుంది?" అని. సోమవారం పీజీఆర్ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో) అర్జీ ఇవ్వడం ఫైలు కదలనప్పుడు వాడే మందు. మొదటి దరఖాస్తుకి అది చోటు కాదు.

బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. కొత్త పద్దు పడాలంటే వచ్చే ఏడాది బడ్జెట్ తయారయ్యే చలికాలంలో మీ కాగితం లోపల ఉండాలి. నా లెక్కలో నవంబర్ మంచి నెల. ఫిబ్రవరిలో వెళ్తే అందరూ ఉన్న డబ్బు ఖర్చు పెట్టే హడావుడిలో ఉంటారు. మీ డివిజన్ కార్పొరేటర్‌కి ఒక కాపీ ఇవ్వండి. ఎన్నికైన కౌన్సిల్ లేని రోజుల్లో కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలు చేసేది ప్రత్యేకాధికారి.

7. తనిఖీ రోజు

చెప్పి రావచ్చు, చెప్పకుండా రావచ్చు. బ్యానరు, శాలువా, పూలగుత్తి అక్కర్లేదు. హాజరు పట్టీ, స్టాకు రిజిస్టరు, క్యాష్‌బుక్ నిన్నటి దాకా రాసి ఉంటే చాలు. హాజరు పట్టీలో 40 మంది, పొయ్యి మీద 15 మందికి సరిపడా అన్నం ఉంటే ఏ పూలగుత్తీ కాపాడదు. ఆ రోజు తక్కువ మంది వస్తే తక్కువే రాయండి, కారణం పక్కన రాయండి: "వర్షం", "పెద్ద పండగ".

8. శాంక్షన్ వచ్చాక

ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) కాపీ చేతికి రాగానే మూడుసార్లు చదవండి. షరతులన్నీ దాంట్లోనే ఉంటాయి. తర్వాత చేయాల్సినవి:

- గ్రాంటుకి విడిగా బ్యాంకు ఖాతా, ఇద్దరి ఉమ్మడి సంతకం. విదేశీ విరాళాల ఖాతాతో కలవనే కూడదు.
- అడిగితే స్టాంపు పేపరు మీద బాండు, రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదు.
- కేంద్ర నిధులైతే పీఎఫ్ఎంఎస్‌లో (ప్రభుత్వ నిధుల లెక్క చూసే ఆన్‌లైన్ పోర్టల్‌లో) ఏజెన్సీగా నమోదు. ఖర్చు కూడా దాంట్లోనే చూపించాలి.
- ఒకరికి ఒక రోజులో 10,000 రూపాయలకి మించి నగదు ఇవ్వొద్దు. మించితే పన్ను లెక్కలో ఆ ఖర్చుని ఒప్పుకోరు.
- గ్రాంటుతో కొన్న ఫ్యాను, మంచం, బీరువా అన్నీ ఆస్తుల రిజిస్టరులో ఎక్కించి, వస్తువు మీద నంబరు రాయండి. అనుమతి లేకుండా అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.
- ప్రతి బిల్లు మీద "ఫలానా గ్రాంటు నుంచి చెల్లించబడినది" అని స్టాంపు వేయండి. అదే బిల్లుని ఇంకో దాతకి చూపించారన్న అనుమానం రాదు.

వడ్డీ మీది కాదు. కేంద్ర గ్రాంటు మీద వచ్చిన వడ్డీని సర్కారుకి తిరిగి జమ చేయాలి. 312 రూపాయలే కదా అని వదిలేస్తే ఆ 312 కోసమే ఆడిట్ అభ్యంతరం పడుతుంది.

ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకి వాడాలంటే ముందు రాతపూర్వకంగా అడగండి. ఖర్చు పెట్టేశాక అడిగితే అది అనుమతి అడగడం కాదు, తప్పు ఒప్పుకోవడం.

9. డబ్బు ఆలస్యమైతే

అవుతుంది. శాంక్షన్ కాగితానికీ ఖాతాలో పడే రోజుకీ మధ్య నెలలు గడవచ్చు. తర్వాతి విడతలకి పాత యూసీ, ఆడిట్ లెక్కలు ముడిపడి ఉంటాయి. కాబట్టి కనీసం నాలుగు నెలల జీతాలకి సరిపడా సొంత నిధి లేకుండా మనుషుల్ని పెట్టుకోకండి. చిట్టీ పాడి, బంగారం కుదువ పెట్టి జీతాలిచ్చిన సెక్రటరీలు నాకు తెలుసు. సంస్థకి మీరు అప్పిస్తే తీర్మానం చేసి, ఖాతా ద్వారా ఇచ్చి, పుస్తకంలో అప్పుగానే రాయండి. లేకపోతే గ్రాంటు వచ్చాక మీ డబ్బు మీరు తీసుకున్నా చూసేవాళ్ళకి వేరేలా కనిపిస్తుంది.

10. తిరస్కరించినా, తిప్పి పంపినా

రెండూ ఒకటి కాదు. "రిమార్కులతో తిప్పి పంపడమైనది" అంటే తలుపు తెరిచే ఉందన్నమాట. రిమార్కులకి నంబర్ల వారీగా జవాబు రాసి, పాత ఇన్‌వర్డ్ నంబరుని రిఫరెన్సుగా చూపించి మళ్ళీ ఇవ్వండి. కొత్త దరఖాస్తు పెడితే కొత్త ఫైలు పుడుతుంది, పాతది ఎక్కడో నిద్రపోతుంది.

తిరస్కరించినట్టయితే కారణం రాతపూర్వకంగా అడగండి. "నిధులు లేవు" అంటే నవంబర్‌లో మళ్ళీ వెళ్ళండి. "అర్హత లేదు" అంటే ఏ షరతు దగ్గర ఆగారో చూడండి. మూడేళ్ళ అనుభవం అడిగిన చోట రెండేళ్ళ ఆడిట్ రిపోర్టులే ఉంటే చేయగలిగింది ఆగడమే. ఆ ఏడాది హాలు అడిగి తీసుకుని పని చేస్తూ, రిజిస్టర్లు రోజూ రాసుకుంటూ ఉండండి. మూడో ఆడిట్ రిపోర్టు చేతికి రాగానే పెన్సిల్‌తో నింపిన ఆ యూసీ ఫారం మళ్ళీ బయటికి తీసి, అంకెలు ఆ ఏటి ధరలకి మార్చుకోండి.